చలి కోసం వచ్చిన లారీ

చలి పారబోసే మేనల్లుడికి, ఐసు ఫ్యాక్టరీ అత్త దీవెనలు.

ఓడల్లో వచ్చే గ్యాసులోని చలినంతా మీ ఆఫీసు సముద్రంలో పారబోస్తోందని మీ నాన్న చెప్పాడు. కడుపు తరుక్కుపోయింది. ఇక్కడ రోజూ సాయంత్రం ఆరింటికి కరెంటు పోయి నా ఐసు దిమ్మలు కరిగి కాలవ కడుతున్నాయి. నెలాఖరుకు ఫ్యాక్టరీ మూసేద్దామని గేటుకు కొత్త తాళం కూడా కొన్నాను. రేపు లారీ పంపుతున్నాను. పారబోసేదేదో అందులో పొయ్యి.

ఇట్లు,
తాళం పట్టుకు కూర్చున్న అత్తయ్య

తా.క.: దారిలో కరిగిపోకుండా పన్నెండు బస్తాల రంపపు పొట్టు వేశాను. సంచులు తిరిగి పంపు.

---

అత్తయ్యకు, గేటు దగ్గర తలవంచుకు నిలబడ్డ మేనల్లుడి నమస్కారాలు.

చలి లారీ ఎక్కదు అత్తయ్యా. గ్యాసును బాగా చల్లార్చి, ద్రవం చేసి ఓడలో తెస్తారు. మళ్లీ గ్యాసు చెయ్యడానికి సముద్రపు నీటితో వెచ్చబెడతాం. అక్కడే చలి వృథా. ఇప్పుడు ఆ చలితో గాలిని ద్రవం చేసి ట్యాంకులో దాస్తాం. సాయంత్రం వెచ్చబెడితే అది ఉబ్బి, చక్రం తిప్పి, కరెంటు ఇస్తుంది. పథకం నాదే! గురువారం ఆరు నుంచి ఎనిమిది దాకా మీ వీధికే మొదటి పరీక్ష. మా చలి నీకు తీగ మీద వస్తుందన్నమాట. నీ మిషన్లు నడవాలి. లేదంటే పెద్దసార్లు పథకాన్ని అటకెక్కిస్తారు.

ఇట్లు,
నీ మీదే ఆశ పెట్టుకున్న మేనల్లుడు

తా.క.: ద్రవగాలి దగ్గర రంపపు పొట్టుంటే నిప్పురవ్వ చాలు, కొంప అంటుకుంటుంది. నీ బస్తాలకు వాచ్‌మన్ మంటలార్పే సిలిండరుతో కాపలా కాస్తున్నాడు.

---

గాలిని మూటగట్టే మేనల్లుడికి దీవెనలు.

చిన్నప్పుడు ముక్కు చీదుకోవడమే రాని వెధవవి, ఇంతవాడివయ్యావా! చలి తీగ మీద వస్తుందన్నావుగా, దారిలో కారిపోకుండా మీటరు నుంచి మిషన్ల దాకా తీగలకు గోనెపట్టా చుట్టించాను. పనివాళ్లకు స్వెట్టర్లు తొడిగించాను.

ఇట్లు,
సర్వం సిద్ధం చేసిన అత్తయ్య

తా.క.: మీటరుకు నా శాలువా కప్పాను.

---

అత్తయ్యకు, పరువు పోయిన మేనల్లుడి నమస్కారాలు.

గోనెలు విప్పెయ్యి, తీగలో వచ్చేది కరెంటే. మొన్న గురువారం మీ వీధంతా వెలిగింది. నీ ఒక్క మీటరే కదల్లేదు! పెద్దసార్లు చూసిన చూపుకు నేనే ద్రవమైపోయాను. సోమవారం ఇద్దరు నీ దగ్గరికి వస్తున్నారు. అసలేమైంది?

ఇట్లు,
కుర్చీ అంచున కూర్చున్న మేనల్లుడు

తా.క.: శాలువా వల్ల మాత్రం కాదు.

---

మేనల్లుడికి, తప్పు చేసిన అత్త దీవెనలు.

తప్పు నాదేరా. పోయిన కరెంటు ఒక్కసారిగా వస్తే మోటారు కాలుతుందని, ఇరవై ఏళ్లుగా ఆరుకు ఐదు నిమిషాల ముందే మెయిన్ స్విచ్చి దించేస్తాను. గురువారమూ నా చెయ్యి నన్నడక్కుండానే దించేసింది. చీకట్లో గడప మీద కూర్చుని, వీధంతా వెలుగుతుంటే, ఊరందరికీ ఇచ్చి మేనత్తను మరిచాడని నిన్ను తిట్టిపోశాను.

మీ సార్లకు ఇదే చెప్పాను. పడీపడీ నవ్వి, ఆ సాయంత్రమే మళ్లీ కరెంటు ఇప్పించారు. ఎనిమిదింటిదాకా ఒక్క దిమ్మా కరగలేదు. ఇక రోజూ ఇస్తారట. ఫ్యాక్టరీ మూయను.

కానీ నా చెయ్యిని నేను నమ్మను. మెయిన్ పైకెత్తి, గేటుకని కొన్న తాళం దానికే వేశాను. తాళంచెవి ఈ కవర్లోనే ఉంది. నీ దగ్గరే ఉంచుకో.

ఇట్లు,
మెయిన్ దించలేని అత్తయ్య

తా.క.: సంచులు పదకొండే వచ్చాయి. పన్నెండోది పట్టుకుని నువ్వే రా.