పైకి చదివిన బరువు

అత్తయ్యా,

పాపను ఇవాళ బడి మాన్పించండి. లేవగానే పాలు కాచి ఇచ్చి, తాగేదాకా పక్కనే కూర్చోండి. మూడు రోజులుగా బాక్సులో అన్నం తినడంలేదు. అంతా కాగితాల్లో చుట్టి మంచం కింద దాచింది. ఇందాక ఊడుస్తుంటే బయటపడింది.

తప్పు నాదే. సోమవారం వాళ్ల బడిలో ఊబకాయం తనిఖీకి వెళ్లిన నర్సును నేనే. పక్కనామె రాసుకోవడానికి ఒక్కొక్కరి బరువూ గట్టిగా చదవడం మా పద్ధతి. దాని బరువూ అలాగే చదివేశాను. క్లాసంతా నవ్వింది. అది నావైపే చూసింది.

ఇవాళ ఇంకో బడి. ఇకనుంచి పైకి చదవనని పెద్ద డాక్టరుతో చెప్పేస్తాను, ఏమన్నా అననీ.

మీరు చాటుగా పెట్టే బిస్కెట్ల గురించి ఇన్నాళ్లూ మీమీద కస్సుమన్నాను. ఇవాళ అడిగితే ఎన్నైనా పెట్టండి. అడిగితే చాలు.