మూడో నంబరు మూలం

మార్చి 3, సోమవారం

తెడ్డు అనే పేరుతో రాసే అమ్మాయికి,

పాత కాగితం అనే పేరుతో రాసేవాడి నమస్కారాలు. ఉభయకుశలోపరి అని అలవాటుకొద్దీ రాసి కొట్టేశాను. మీ ఇంట్లో కుశలం లేదని నాకు తెలుసు. నాలుగు నెలలు మనిద్దరం ఇంచుమించు రోజూ పోట్లాడుకున్నాం గానీ ఉత్తరం రాయడం ఇదే మొదలు. కంప్యూటర్లో రాస్తే నా పేరు చూడగానే మూసేస్తారని భయమేసి కాగితం తీసుకున్నాను. మీ చిరునామా ఎలా తెలిసిందో కింద రాస్తాను.

ముందు చిన్న తప్పు ఒప్పుకుంటాను. చర్చ పేజీలో అన్నాళ్ళూ మిమ్మల్ని తమ్ముడూ తమ్ముడూ అని పిలిచాను. మీరు ఒక్కసారి కూడా దిద్దలేదు. దిద్దాల్సిన వాక్యం మీకు వేరే ఉంది, నా తమ్ముడు పిలుపు మీద వృథా చేసే ఓపిక లేదు. ఇప్పుడు అర్థమైంది.

నేను పత్రికల్లో పనిచేసి రిటైరైన వాణ్ణి. మా ఆవిడ పోయాక మధ్యాహ్నాలు గడవడం కష్టమై ఈ ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చేరాను. జీతం లేని కొలువు, కానీ కోపతాపాలకు లోటు లేదు. ఒక గుట్ట ఎత్తు అడుగుల్లో రాయాలా మీటర్లలో రాయాలా అని ఇద్దరు పెద్దమనుషులు ఆరు వారాలు కొట్టుకుంటే, ఆ గుట్టను కంకర కోసం ఎప్పుడో తవ్వేశారని మూడో ఆయన ఫోటో తెచ్చి పెట్టాడు. అలాంటి తగవులు తీర్చీ తీర్చీ నాకో పేరొచ్చింది. పాత కాగితం చెప్పాడంటే దానికి తిరుగులేదనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పొంగేది.

సెప్టెంబరులో మీరొచ్చారు. నలభై ఒక్కేళ్ళ కిందటి పడవ ప్రమాదం మీద ఉన్న వ్యాసంలో ఒకే ఒక్క వాక్యం తీసేశారు. 'పడవ ఒరిగిన వెంటనే సరంగు ప్రయాణికులను వదిలేసి నదిలో దూకి, ఈదుకుంటూ పారిపోయాడు.' దాని పక్కన మూడో నంబరు, కింద ఆ నంబరు దగ్గర మర్నాటి పత్రిక పేరూ తేదీ. మూలం ఉన్న వాక్యాన్ని ఊరికే తీయకూడదు కాబట్టి నేను మళ్ళీ పెట్టాను. మీరు మళ్ళీ తీశారు. ఆయన పారిపోలేదు, తాడు పట్టుకుని దూకాడు, నాకు తెలుసు అని రాశారు. తెలిస్తే చాలదు తమ్ముడూ, అచ్చులో ఉండాలి అన్నాను. అచ్చులో ఉన్నదంతా నిజమేనా పెద్దాయనా అని అడిగారు. దానికి నేను మన నియమాల పేజీ లింకు ఇచ్చాను. మనిషి అడిగిన ప్రశ్నకు లింకు జవాబుగా ఇవ్వడం ఎంత తేలికో!

తగవు ముదిరి, లెక్కల మాస్టారు పేరుతో రాసే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన నిజంగానే లెక్కల మాస్టారు, మా నిర్వాహకుల్లో నెమ్మదైన మనిషి. అందరి అభిప్రాయాలూ అడిగారు. అయిదుగురు నా వైపు, మీ వైపు మీరొక్కరే. అప్పుడు మీరు రాసిన ఆఖరి మాటలు నాకు కంఠతా వచ్చు. విచారణ సంఘం ముందు పద్దెనిమిది మంది సాక్ష్యం చెప్పారు, అది రికార్డుల ఆఫీసులో ఉంటుంది, ఒక్కరైనా వెళ్ళి చదివారా, కొంచెం తొందరగా తేల్చండి, ఒకాయన చూసుకోవాలి అని రాశారు. ఆ ఒకాయన ఎవరని మాలో ఎవరూ అడగలేదు. మీరు మళ్ళీ ఆ వాక్యం తీసేశారు. జనవరి పదిన మిమ్మల్ని నెల రోజులు ఏమీ రాయకుండా నిరోధించాం. ఆ మీట నొక్కింది నేనే.

రికార్డుల ఆఫీసు మా ఇంటికి రెండు బస్సుల దూరం. అయినా నేను వెళ్ళడానికి నెల దాటింది. ఫిబ్రవరి పధ్నాలుగున వెళ్ళాను. గుమాస్తా ముక్కుకు రుమాలు కట్టుకుని, బల్ల మీద దుమ్ము దులిపి, రెండో సంపుటం తెచ్చిపెట్టాడు. విచారణ సంఘం నివేదికలో సరంగు దూకాడని ఒక్క ముక్క ఉంది, అంతే. సాక్ష్యాలన్నీ వెనక అనుబంధంలో ఉన్నాయి. నూట పదిహేడో పేజీలో గాజులమ్ముకునే ఒకామె చెప్పింది దొరికింది. సరంగు తాడు కొస నడుముకు చుట్టుకుని దూకాడని, ఒడ్డెక్కి రేవు గుంజకు కట్టాడని, ఆ తాడు పట్టుకుని తనతో కలిపి పదకొండు మంది బతికారని ఆమె చెప్పింది. పన్నెండో మనిషి కోసం ఆయన మళ్ళీ నీళ్ళలోకి దిగాడట. ఆ పన్నెండో మనిషి దొరకలేదు.

అక్కడే కూర్చుని ఫోన్లో వాక్యం మార్చాను. పేజీ నంబరుతో సహా పెట్టాను. మీ చర్చ పేజీలో, తమ్ముడూ నువ్వే గెలిచావు అని రాశాను. రోజులు గడిచినా మీ దగ్గర్నుంచి పలుకు లేదు. మీ నిరోధం పదో తేదీనే తీరిపోయింది, అయినా మీరు లోపలికి రాలేదు. మీ పరిచయం పేజీలో బట్టలు కుడతాను, రేవు వీధి, మందుల షాపు పక్కన అని ఉంటే, ఇరవై రెండున బయల్దేరాను.

తలుపు పక్కన మిషను ముందు ఒక ఆడమనిషి కనబడేసరికి, నేను తమ్ముడన్నది ఈమెనా అనుకున్నాను. సాకుగా సంచిలో తెచ్చుకున్న ప్యాంటు తీసి పొడవు తగ్గించమన్నాను. మీరు టేపు పెట్టి కొలిచి, సరిగ్గానే ఉంది కదా బాబాయ్ అన్నారు. అయినా తగ్గించమ్మా అన్నాను. గుర్తొచ్చిందా? ఇప్పుడా ప్యాంటు వేసుకుంటే నా చీలమండలు కనిపిస్తున్నాయి.

మీరు అంచు కుడుతుండగా పక్క షాపాయన వచ్చి, నాన్నగారి మందులు విప్పనివి ఏమైనా ఉంటే ఇవ్వమ్మా, వెనక్కి తీసుకుంటాను అన్నాడు. మీరు లేచి సొరుగులోంచి తీసి ఇచ్చి, మళ్ళీ కూర్చున్నారు. కానీ మిషను తిప్పలేదు. మీ వెనక తీగ మీద మూడు చొక్కాలు, పక్కలకు గుండుసూదులు పెట్టి ఉన్నాయి. ఎవరివమ్మా అని అడిగాను. నాన్నవి, చిక్కిపోతున్న కొద్దీ నెలనెలా బిగించేదాన్ని, ఈసారివి బిగించడం పూర్తవలేదు, తొమ్మిదో తేదీన పోయారు అన్నారు.

నేను పేజీ తిప్పడానికి అయిదు రోజుల ముందు.

ఆ తర్వాత మీరు చెప్పిందంతా, ముక్కూ మొహం తెలియని ముసలాడికి చెప్పుకున్నారు. చెబుతున్నది ఎవరికో మీకు తెలియనివ్వకుండా విన్నాను. అది కూడా నేను చేసిన తప్పే. కొత్త ఫోను కొన్నప్పుడు మన పడవ గురించి ఏం రాశారో చదవమని ఆయనే అడిగారట. ఆ వాక్యం దగ్గర మీరు ఆగిపోతే, ఆపావేం, చదువు అన్నారట. చదివారు. ఆ రోజు నుంచి ఆయన రేవు వైపు కిటికీ మూసేశారట. అన్నేళ్ళూ జనం గుసగుసలాడుకుంటే పోనీలే అనుకున్నారు, కానీ ఇది రేపు పుట్టబోయేవాళ్ళు కూడా చదువుతారు కదమ్మా అన్నారట. ఎవడో పాత కాగితమట బాబాయ్, వాడి గుప్పిట్లో మా నాన్న పేరు ఇరుక్కుపోయింది అని మీరు నాతోనే అన్నారు. నేను తలాడించాను.

చివరి వారం మీరు అబద్ధమాడారు. దిద్దేశారు నాన్నా అని, ఆపేసిన ఫోను చూస్తూ మీ సొంత మాటలు చదివారు. నలభై బారల తాడు నడుముకు కట్టుకుని అని చదివితే, కళ్ళు మూసుకునే విని, ముప్పై బారలే, తప్పు రాశారు, దిద్దించు అన్నారట. అది చెబుతూ మీరు నవ్వారు. నవ్వుతూనే టేపు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నమ్మారో, నా కోసం నమ్మినట్టు నటించారో ఎప్పటికీ తెలియదు బాబాయ్ అన్నారు.

నాకూ తెలియదమ్మా. ముప్పై బారలని వ్యాసంలో పెట్టాలని ఉంది. పెట్టలేను. నూట పదిహేడో పేజీలో తాడు పొడవు లేదు.

మీరు అబద్ధమాడానని కుమిలిపోవద్దు. మీరు చదివింది అబద్ధం కాదు, మేము ఎక్కించనిది, అంతే. ఆ పాపం మా లెక్కలోది.

ఇట్లు,
మీ దుకాణంలో కూర్చుని కూడా పేరు చెప్పుకోలేని
పాత కాగితం

తా.క. ఇక్కడితో ముగించి కవరు అంటించబోయాను. మళ్ళీ కాగితం విప్పాను. మూడో నంబరు మూలంలో కింద 'మా విలేకరి' అని ఉంటుంది. ఆ విలేకరిని నేనే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు, ఉద్యోగంలో చేరి నెల కాలేదు. అవతలి ఒడ్డున రేకుల పందిరి కింద పడవ యజమాని పక్కన నిలబడి ఉన్నాను. దూరంగా నీళ్ళలో ఒక తల కనిపించింది. చూశారా, మా సరంగు ఎలా పారిపోతున్నాడో అన్నాడాయన. పరిమితికి మించి జనాన్ని ఎక్కించింది ఆయనే. ఆయన మాటే రాశాను. అంత దూరం నుంచి తాడు కనిపించలేదు. నది దాటి వెళ్ళి ఒక్కరినైనా అడగలేదు.

మీరు ఆ వాక్యం తీసిన మొదటి రోజే నాకు తెలుసు అది ఎవరి వాక్యమో. రికార్డుల ఆఫీసుకు నెల రోజులు వెళ్ళనిది బస్సుల వల్ల కాదు. ఆ మూలం నమ్మదగినదేనా అని మాస్టారు అడిగితే, ఆ పత్రిక నాకు బాగా తెలుసు, నమ్మదగినదే అని రాసిన చెయ్యి కూడా ఇదే.

నిన్న చర్చ పేజీలో నా అసలు పేరుతో అంతా ఒప్పుకున్నాను. ఆ వార్త తప్పని, రాసినవాడే చెప్పాడని వ్యాసంలో ఎక్కించమన్నాను. మాస్టారు జవాబిచ్చారు. మీ మాట నేను నమ్ముతున్నాను గానీ ఎక్కించలేం, అచ్చులో లేదు కదా అన్నారు. నియమం ప్రకారం ఆయన అన్నదే సరి.

అందుకే కింద నా పూర్తి పేరుతో, తేదీ వేసి, సంతకం పెడుతున్నాను. మీకు నచ్చిన పత్రికకు ఇవ్వండి. అచ్చు వేయించండి.