దగ్గుదొర భార్య చావలేదట

చిరంజీవి అమ్మడికి,

చిన్నాన్న దీవిస్తూ రాసేది. ఫోన్ చేయొచ్చు కదా అని మొదలుపెట్టకు. ఫోన్లో నాకు సగం వినపడదు, వినపడిన సగం నచ్చదు.

నిన్న క్షవరానికి వెళ్ళాను. సెలూన్ అతను నా మెడ మీద కత్తి ఆనించి, "సార్, మీ దగ్గుదొర రాజుల కాలంలో అదరగొట్టేశాడు" అన్నాడు. నేను రాసిన నవలల్లో దగ్గుదొర ఏనాడూ రాజుల దాకా పోలేదు. ఎదుటివాడు అబద్ధమాడితే దగ్గు రావడం, ఆ దగ్గుతో దొంగని పట్టుకోవడం తప్ప ఆ డిటెక్టివ్‌కి ఇంకో విద్య లేదు. రాజులెక్కడివయ్యా అంటే ఫోన్ తీసి చూపించాడు.

ఎవరెవరో రాసేస్తున్నారు, అమ్మడూ. ఒకరు దొరని రాజుగారి కొలువులో కూర్చోబెట్టారు. కొలువులో అందరూ పొగడ్తలే కాబట్టి పాపం దగ్గీ దగ్గీ ఊపిరాడక చచ్చేంత పనైంది. ఒకరు అంతరిక్ష నౌక ఎక్కించారు. అక్కడ దగ్గినప్పుడల్లా తలకి తొడిగిన గాజుబుర్ర మసకబారి దొంగ కనపడడు. ఇంకొకరు రాతియుగానికి తోలేశారు. అప్పటికి మనుషులకి మాటలే రాలేదు, ఇంక అబద్ధాలెక్కడివి? ఒక్కసారి కూడా దగ్గకుండా కథంతా గుహలో కూర్చున్నాడు.

అదంతా పోనీ. ఏ కాలంలో చూసినా దొర భార్య బతికే ఉంది. ఆఖరి నవలలో ఆవిడని నేను చంపేశాను కదా. అచ్చయి, బైండయి, అమ్ముడుపోయింది కూడా. పోయిన మనిషిని నన్నడక్కుండా లేపడానికి వీళ్ళెవరు?

నువ్వు పట్నంలో ఉన్నావు, ఇలాంటివి నీకు తెలుస్తాయి. ఎవరో కనుక్కో. ఈలోగా నేను పోలీసు స్టేషన్‌కి వెళ్తున్నాను.

ఇట్లు,
మండిపోతున్న మీ చిన్నాన్న

తా.క.: దొరని గుర్రం కూడా ఎక్కించారు. నా దొర సైకిల్ వెనక కూర్చోవడానికే వణికేవాడు.

*

చిన్నాన్న గారికి,

మీ అమ్మడి నమస్కారాలు. కళ్ళజోళ్ళ దుకాణంలో బేరం లేని వేళ చూసి రాస్తున్నాను. మధ్యలో అక్షరాలు వంకరపోతే, ఎవరో అద్దాలు తుడిపించుకోవడానికి వచ్చారని అర్థం చేసుకోండి.

ముందు స్టేషన్‌కి వెళ్ళకండి. ఇది దొంగతనం కాదు. వీటిని అభిమానుల కథలంటారు. నచ్చిన పాత్రని తీసుకుని వేరే కాలంలో దింపి రాసుకుంటారు, ఒక వెబ్‌సైట్లో పెట్టి ఒకరివి ఒకరు చదువుకుంటారు. అమ్ముకోరు. ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే. అందరి పాత్రలకీ ఈ యోగం పట్టదు, మర్చిపోలేని వాళ్ళకే పడుతుంది. పిన్ని పోయాక ఆ ఆఖరి నవల ముగించి, మళ్ళీ మీరు ఒక్క వాక్యం రాయలేదు. మీరు తలుపేసుకుంటే, వాళ్ళు కిటికీలోంచి వచ్చి దొరని కాసేపు బయట తిప్పుతున్నారు. పాపం ఆయనకీ గాలి తగలాలి కదా.

అంతగా నచ్చకపోతే మీరే ఒకటి రాసి అక్కడ పెట్టండి. అసలు దొర ఎలా ఉంటాడో వాళ్ళూ చూస్తారు. పేరు మార్చుకోండి, అక్కడందరూ మారుపేర్లతోనే రాస్తారు.

మీ అమ్మడు

తా.క.: గుర్రం ఎక్కాడు గానీ అది కదల్లేదు. మూడో పేరాలో ఉంది. చదవకుండానే కోప్పడ్డారన్నమాట.

*

అమ్మడికి,

నీ ఉత్తరం అందేసరికే నేను స్టేషన్‌కి వెళ్ళడమూ అయింది, రావడమూ అయింది. రావడానికే కొంచెం ఆలస్యమైంది.

అక్కడున్నది కొత్త ఆఫీసరు. పుస్తకాలు చదివే బాపతు కాదు. "మా దగ్గుదొరని ఎత్తుకుపోయారు" అన్నాను. అలా మొదలుపెట్టకుండా ఉండాల్సింది.

"వయసెంత?" అన్నాడు.

"యాభై. మొదటి నుంచీ యాభయ్యే."

అతను కలం ఆపి నావంక చూశాడు. "మీకేమవుతాడు?"

"నేనే పుట్టించాను."

"కొడుకన్నమాట. పెళ్ళయిందా?"

"అయింది. భార్య పోయింది."

"ఎలా పోయింది?"

"నేనే చంపాను. తొందరపడలేదు, బాగా ఆలోచించుకునే చంపాను. ఇప్పుడు వీళ్ళు ఆవిణ్ణి లేపి ఊరంతా తిప్పుతున్నారు, అదీ నా బాధ."

మధ్యాహ్నమంతా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈలోగా ఇద్దరు కానిస్టేబుళ్ళు వెళ్ళి మన పెరడు తవ్వొచ్చారు. మీ పిన్ని వేసిన గులాబీ మొక్క వేళ్ళు బయటపడి ఒరిగిపోయింది. మట్టి కప్పాను గానీ, ఆకులు వేలాడేసింది.

చివరికి సెలూన్ అతను కబురు తెలిసి వచ్చి, "ఆయన కథలు రాసేవారండీ, ఇప్పుడు అదీ మానేశారు" అని చెప్పి విడిపించాడు. ఆ రెండో ముక్క చెప్పకపోయినా వదిలేసేవాళ్ళే.

నీ చిన్నాన్న

తా.క.: గుమ్మం దాకా సాగనంపిన కానిస్టేబులు నా చెవి దగ్గర వంగి, "రాజుల కాలం కథలో తర్వాతి భాగం ఎప్పుడొస్తుందండీ" అని అడిగాడు. పెరడు తవ్విన ఇద్దరిలో ఇతనొకడు.

*

చిన్నాన్న గారికి,

మీ ఉత్తరం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. నాన్న వచ్చి మధ్యలోంచి చదివారు. "తమ్ముడు చంపాడట, ఆలోచించుకునే చంపాడట" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా వకీలు ఇంటికి పరుగెత్తారు. ఆ వకీలు మతిస్థిమితం లేదని వాదిద్దాం అన్నారట. నాన్న వెంటనే, "దానికి సాక్ష్యం కావాలంటే ఇల్లంతా వస్తుంది" అన్నారట. ఇద్దర్నీ శాంతింపజేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక ఫిర్యాదులొద్దు. కథ రాయండి. మొక్కకి నీళ్ళు మాత్రం సాయంత్రమే పోయండి.

మీ అమ్మడు

తా.క.: నాన్న ఇప్పుడు మీ నవలలన్నీ మొదటి నుంచి చదువుతున్నారు. తమ్ముడి పుస్తకాలు చదవడం ఇదే మొదలట. వకీలు చదవమన్నారట.

*

అమ్మడికి,

నీ మాట విని చెడ్డాను.

రాశాను. 'పాత చెప్పు' అని మారుపేరు పెట్టుకున్నాను. సెలూన్ అతను తన ఫోన్లోంచి ఎక్కించి పెట్టాడు. దొరని ఏ కాలానికి పంపాలా అని ఆలోచించి, ఎవరూ పంపని కాలానికి పంపాను. ఈ కాలానికి. భార్య పోయింది. దొర ఇంట్లో ఉన్నాడు. ఎవరూ రారు. అబద్ధమాడటానికైనా ఓ మనిషి రావాలి కదా, అందుకని దగ్గు లేదు. పొద్దున్నే లేచి అలమరలోంచి రెండు గ్లాసులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తాడు. అంతే కథ.

ఇక అభిప్రాయాలు విను. ఒకరు, "దొర స్వభావం మీకు పట్టుబడలేదు, అసలు నవలలు ఒకసారి చదవండి" అన్నారు. ఇంకొకరు, "చిన్న వయసు కదా, రాయగా రాయగా వస్తుంది" అని భుజం తట్టారు. 'చురకత్తి' అని ఒకడున్నాడు. వాడు రాసింది నాకు కంఠతా వచ్చేసింది: "ఇది కథ కాదు, సూన్యం. భార్య పోవడం తప్పు కాదు. ఆ తర్వాత దొరని ఒక్కరు కూడా పలకరించకుండా రచయిత కాపలా కాశాడు. తలుపులు బిగించుకుని, ఎవరూ రావడం లేదని ఏడ్చే మనిషి కథ ఇది."

ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతాను. దొర భార్య మాటలన్నీ మీ పిన్నివే. నేను చదివి వినిపిస్తుంటే ఆవిడ బట్టలు మడతపెడుతూ ఏదో అనేది, అదే రాసుకునేవాణ్ణి. ఆవిడ పోయాక ఆ పాత్ర నోరు విప్పలేదు. పేజీ తర్వాత పేజీ మూగదానిలా నిలబడి నావంక చూసేది. ఆ చూపు భరించలేక చంపేశాను. వాళ్ళు రాసిన కథల్లో ఆవిడ గలగలా మాట్లాడుతోంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి వినపడుతున్న గొంతు నాకు వినపడడం లేదు.

ఇక రాయను. కథలూ వద్దు, ఉత్తరాలూ వద్దు.

చిన్నాన్న

తా.క.: 'శూన్యం' అని రాయడం రాని వాడు నాకు పాఠం చెప్పాడు. అది చూసుకో.

*

చిన్నాన్న గారికి,

నా ఫోన్లో 'శ' నొక్కితే 'స' పడుతుంది. శూన్యం రాయడం నాకు వచ్చు.

ఎలా చెప్పాలో తోచక ఇలా చెప్పాను. చురకత్తిని నేనే. ఈమధ్యే అందులో చేరాను. మీకు తెలిస్తే బాధపడతారని దాచాను. ఆ కథ మీదని నిజంగా తెలియదు. తెలిస్తే పొగిడేదాన్ని. అది చదివి ఎవరికో ఒకరికి దగ్గు వచ్చేది.

మీ ఉత్తరం చదివి, లెన్సులు అరగదీసే గదిలోకి పోయి ఏడ్చాను. అక్కడైతే యంత్రం మోతలో వినపడదు. కానీ రాసినమాట వెనక్కి తీసుకోను. సెలూన్ అతను మీకోసం స్టేషన్‌కి వచ్చాడా లేదా? నాన్న వట్టికాళ్ళతో పరుగెత్తారా లేదా? వీళ్ళెవరూ మీ కథలో లేరు. నేనూ లేను. అది నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

అక్కడ మీ అసలు పేరుతో ఒక్క మాట చెప్పండి. దొరని పుట్టించినవాణ్ణి నేనేనని చెప్పండి. వాళ్ళెంత సంబరపడతారో చూడండి.

మీరు తిట్టినా కాదనని అమ్మడు

తా.క.: 'పాత చెప్పు' ఏం పేరు చిన్నాన్నా. అది చూడగానే సగం మార్కులు తీసేశాను.

*

అమ్మడికి,

నీమీద కోపం లేదు. ఉండేది గానీ, దాన్ని మించింది వచ్చి మీద పడింది.

నువ్వు చెప్పినట్టే అసలు పేరుతో చెప్పాను. వెంటనే ఒకరు రాశారు: "ఆ మహానుభావుడు పోయి చాలాకాలమైంది. పోయినవారి పేరు వాడుకోవడం సంస్కారం కాదు." అందరూ ఔనన్నారు. నన్ను బయటికి నెట్టేశారు.

అప్పుడు సెలూన్ అతను నీళ్ళు నములుతూ ఇంకో పేజీ తెరిచాడు. పాత సభ్యులకి మాత్రమే కనపడుతుందట. అది నా సంతాపం. ఆఖరి నవల తర్వాత ఏమీ రాకపోయేసరికి నేను పోయాననుకున్నారట. "నేను బతికున్నానని నీకు తెలుసు కదయ్యా, చెప్పలేకపోయావా?" అంటే, "మొహమాటపడ్డాను సార్. అప్పటికే నేనూ మీమీద నాలుగు మంచి ముక్కలు రాసేశాను" అన్నాడు.

అంతా చదివాను. ఒక నర్సమ్మ రాసింది. వార్డులో ఒక పెద్దావిడకి నా ఆఖరి నవల చదివి వినిపించేదట. దొర భార్య పోయే పేజీ వచ్చేసరికి నోరు రాక, పుస్తకంలో లేనిది అప్పటికప్పుడు అల్లి, ఆవిడ గండం గడిచి లేచి కూర్చున్నట్టు చదివిందట. పెద్దావిడ "బతికిందా, పోన్లే" అని అటు తిరిగి పడుకుందట. ఆ తర్వాత నర్సమ్మ ఆ కల్పించిన ముక్కని కాగితం మీద పెట్టిందట. ఈ కథలన్నిటికీ అదే మొదలట.

అది చదివాక, నేను బతికున్నానని రుజువు చేసుకోవాలన్న పట్టుదల పోయింది. ఇంతమంది ఇంత ప్రేమగా ఏడుస్తుంటే మధ్యలో లేచి కూర్చోవడం మర్యాదా?

వచ్చే ఆదివారం మీ పట్నంలో, గ్రంథాలయం మేడ మీద నా సంస్మరణ సభ పెడుతున్నారు. ఎవరైనా రావచ్చట. వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను. ఆ నర్సమ్మ మాట్లాడుతుందట, ఆవిడ గొంతు వినాలని ఉంది. నువ్వు నా పక్కన కూర్చో. నా సంతాపసభకి ఒంటరిగా వెళ్ళడం నా వల్ల కాదు.

నీ చిన్నాన్న

తా.క.: వేదిక మీద పెట్టడానికి ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపమన్నారు. సెలూన్ అతనే తీసి, తన పేరుతో నాది పంపాడు. ఇది ఆయన కాదు, తిప్పి పంపుతున్నాం, అన్నారు. ఆయన మొహంలో ఇంకాస్త జీవకళ ఉండేదట.