తాడుకు ఎక్కువైన ముడులు

జింకా పట్నంలో జీపు తోలుతూ, వచ్చేపోయే విదేశీయులకు మా ముఖాలు చూపించి బతుకుతున్న చిరంజీవి గైతోకు, కన్నందుకు తప్పక దీవించి నాన్న రాయునది. ఇక్కడ నేను, మీ అమ్మ, మేకలు, తేనెపట్లు క్షేమం. ఇంతకు మించి రాస్తే దాన్నీ ఫొటో తీయడానికి వస్తావు.

మాగో అడవిలో ఏనుగులు కనిపిస్తాయా అని అడిగావు. నేను అక్కడ కాపలా కాసిన రోజుల్లోనే జీపు చప్పుడు వింటే పొదల్లోకి పోయేవి. నాకు చదువు వచ్చిందీ అక్కడే, మందుడబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని. అందుకే ఇప్పటికీ నా రాత చేదు. ఏనుగులు తెలివైనవిరా. మాకు దూరడానికి పొదల్లేవు.

మీ తమ్ముడు బాజో వరుసగా నిలిపిన ఎద్దుల వీపుల మీద దూకే రోజున, వాడి కోసం ఆడవాళ్ళు తినే బెత్తం దెబ్బలకు నెత్తురు కనబడుతుందా, దగ్గర నిలబడనిస్తారా అని నీ అతిథులు అడిగారట. మీ చెల్లెలు గూలోకు చదివి వినిపించాను.

"తమ్ముడి కోసం నేను అడిగి తినే దెబ్బ అది. వాళ్ళ తమ్ముళ్ళ కోసం వాళ్ళేం తింటారో అన్నను కనుక్కోమను నాన్నా" అంది.

పోయినసారి మన ఊరి దూబే కొడుకు దూకినప్పుడు, కెమెరాలో ఎండ పడుతోందని నీ అతిథి ఒకడు ఎద్దుల వరుసను తిప్పమన్నాడు. నువ్వు తిప్పించావు. "కాస్త తిప్పితే ఏం పోయింది నాన్నా?" అన్నావు. ఎద్దులకేమీ పోలేదు. నీకేం పోయిందో ఆ రోజే చూశాను.

ఇక బాజో దూకే రోజెప్పుడన్న సంగతి. ఆ వీపుల మీద పరిగెత్తితేనే వాడికి పెళ్ళి. నీకూ తాడు పంపాను కదా, రోజుకో ముడి విప్పుకుంటూ, చివరి ముడి నాటికి రమ్మని. ఆ తాడు మాట ఎత్తలేకే ఈ ఉత్తరంలో ఇందాకటి దాకా ఏనుగుల వెంట తిరిగాను. చుట్టాలకు పంపిన తాళ్ళకన్నా నీ తాడుకు ముడులు ఎక్కువ వేశాను. కావాలనే వేశాను. నువ్వు జీపుల దండుతో దిగేసరికి ఇక్కడ పేడ తప్ప మరేమీ మిగలకూడదని. బాజో నిన్ననే దూకేశాడు.

వరుసలో మొదటిది నీ బూడిదరంగు ఎద్దు. దాని కొమ్ములు నువ్వే పట్టాలని వాడి పంతం. "అన్న వస్తాడు, కాస్త ఆగండి" అంటూ దారివైపే చూశాడు. పొద్దు వాలింది. "రాడులే, దూకరా" అని నేనే పోయి కొమ్ములు పట్టుకున్నాను. అది నా చేతికి లొంగుతుందా? తల విదిలించింది. వాడు పడ్డాడు. ఊరంతా చూసింది. లేచి, మళ్ళీ ఎక్కి, వరుస పూర్తి చేశాడనుకో. తప్పు ఎద్దుదేనని పెద్దలు తేల్చారు. నేనూ తలూపాను. తాడు సంగతి పసిగట్టిన మీ అమ్మ మాత్రం నేను తాగే సొరకాయ బుర్రలో కాఫీ పోయడం మానేసింది.

నీ మీద కోపం పోయిందనుకోకు. అలాగే ఉంది. కానీ మోకాలు చెక్కుకుపోయిన మీ తమ్ముడు పొద్దున "అన్నకు తాడు అందలేదా నాన్నా?" అని అడిగాడు. ఏం చెప్పను?

సంత లారీలో ఈ ఉత్తరం చేరేసరికి నీ దగ్గర ఇంకా కొన్ని ముడులు మిగిలుంటాయి. వాటిని తెంపేసి, ఒక్కడివే నడిచి రా. జవాబు నువ్వే వాడికి చెప్పు. జీపు చప్పుడు వినిపించిందా, పొద లేకపోయినా ఎక్కడో ఒకచోట దూరతాను.

ఇట్లు,
కొమ్ములు జారవిడిచిన
మీ నాన్న, ఓయిటా