కీళ్ళూ కాపలావాళ్ళూ

మామయ్యకు,

మీ మేనకోడలు నమస్కరించి రాసేది. మూడు నెలలుగా కీళ్ళు పాడయ్యాయి. పొద్దున్నే బిగుసుకుపోయి గంటదాకా కదలవు. ఇది బయటివాళ్ళ పని కాదట. మన సొంత కాపలావాళ్ళే కొడుతున్నారని తేల్చారు. ఇలాగే ఉంటే నా కుట్టుపని మూలపడుతుంది. మా దుకాణంలో కోట్లకు చేత్తో గుండీల కాజాలు కుట్టేది నేనొక్కదాన్నే. భయంగా ఉంది మామయ్యా.

ఇట్లు,
అమ్మడు

తా.క. ఆ కాపలావాళ్ళను తీసేయడానికి లేదట.

*

చిరంజీవి అమ్మడిని దీవించి మామయ్య రాసేది.

నీ ఉత్తరం చూసి ఒళ్ళు మండిపోయింది. నలభయ్యేళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను, కాపలావాడు తలుపు కీళ్ళు విరగ్గొట్టడం ఎక్కడా వినలేదు. కంచే చేను మేస్తే ఇక చెప్పేదేముంది! తీసేయడానికి లేదేమిటి? వాడు ఎవరి బావమరిదో కనుక్కో. తలుపు తెరుచుకోకపోతే దుకాణానికి వెళ్ళేదెలా అనే కదా నీ భయం? పొద్దున్నే కీళ్ళలో రెండు చుక్కలు నూనె వెయ్యి.

మీ మామయ్య

తా.క. ఇత్తడి కీళ్ళు ఆరు పంపుతున్నాను. అవి బిగించేదాకా అల్లుణ్ణి కిటికీలోంచి దిగమను.

*

మామయ్యకు నమస్కారాలు.

పొట్లం అందింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా తలుపులు బాగానే ఉన్నాయి. పాడయినవి నా వేళ్ళ కీళ్ళు. కాపలావాళ్ళంటే ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. రొమ్ముటెముక వెనక ఆ కణాలకొక బడి ఉందట. తనవాళ్ళ మీద చెయ్యెత్తేదాన్ని అక్కడే ఏరిపారేస్తారు. పాసయ్యేది నూటికి నాలుగైదేనట! అయినా ఒకటీ అరా కళ్ళుగప్పి బయటపడతాయి. వాటిని అదుపులో ఉంచే కణాలు వేరే ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన గుణానికి ఏ జబ్బో పొగో తోడై ఆ అదుపు తప్పితే, ఇంటివాళ్ళనే దొంగలనుకుంటాయి. నా విషయంలో ఏది కారణమో చెప్పలేమంది.

మాత్ర వారానికి ఒక్కటే. కాపలాను ఎత్తేయదు, దాని కోపం తగ్గిస్తుంది. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యమధ్య రక్తపరీక్షలు. జ్వరం వస్తే వెంటనే చెప్పాలి.

ఇట్లు,
అమ్మడు

తా.క. మీ కీళ్ళు బీరువాకు బిగించాం. ఎంత బాగా తెరుచుకుంటోందంటే, మూసుకోవడం మానేసింది.

*

అమ్మడిని దీవించి రాసేది.

నా తెలివి తెల్లారినట్టే ఉంది, క్షమించు. నీ ఉత్తరం చదివాక చొక్కా విప్పి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని అద్దం ముందు నిలబడిపోయాను. మీ అత్తయ్య హడలిపోయి పక్కింటావిణ్ణి పిలిచింది. ఈ గూట్లో బడా! గంట లేదు, బెత్తం లేదు. నేను బిగించిన ఏ తలుపుకూ ఇంటివాడెవడో దొంగెవడో తెలియదు. కంటికి ఆనని కణానికి తెలుస్తుందట! ఇప్పుడు తప్పాయని నువ్వు బాధపడుతున్నావు. నాకేమో, అన్ని కోట్ల కణాలు ఇన్నేళ్ళూ తప్పకుండా కాశాయని దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

అయితే వారానికి ఒక్క మాత్రేమిటి? పిసినారి వైద్యం. రోజుకొకటి వేసుకో, తొందరగా తేలిపోతుంది.

మీ మామయ్య

తా.క. కాపలావాళ్ళకు: అయ్యల్లారా, ఆ వేళ్ళు మా పిల్లవి. కాస్త మొహం చూసి కొట్టండి.

*

మామయ్యకు నమస్కారాలు.

మూడు నెలలు జవాబు రాయలేదని అలిగి ఉంటారు. ఆలస్యం కావాలనే చేశాను.

మీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. "రోజుకొకటి" అనగానే కుర్చీలోంచి లేచింది. ఆ మాత్ర రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందట. "మీ మామయ్యగారిని తలుపులే చూసుకోమనండి" అంది. మీ వయసుకు ఆ బడి దాదాపు మూతపడి ఉంటుందని, పాత విద్యార్థులే మిమ్మల్ని కాస్తున్నారని కూడా చెప్పమంది. మీరు కాపలావాళ్ళకు రాసింది మాత్రం రెండుసార్లు చదివించుకుంది.

పొద్దుటి బిగువు గంట నుంచి పావుగంటకు దిగింది. జబ్బు పోలేదు. మందు మానకూడదు. నిన్న ఒక కాజా కుట్టాను. వంకరగానే వచ్చింది గానీ, కుట్టాను మామయ్యా!

ఇంకోటి చెప్పాలి. ఇంతవరకూ మీకొచ్చిన ఉత్తరాలు నేను చెబుతుంటే మీ అల్లుడు రాసినవి. నా వేళ్ళకు కలం ఆగేది కాదు. మొదటి ఉత్తరంలో "నా వేళ్ళ కీళ్ళు" అనే చెప్పాను. "నా వేళ్ళ" అన్నది ఆయన మింగేశారు. ఎందుకని మొన్న అడిగితే, ఆ మాట రాయడానికి అప్పట్లో తనకు చెయ్యి రాలేదన్నారు.

ఇది నేనే రాశాను. మూడు రోజులు పట్టింది.

ఇట్లు,
అమ్మడు

తా.క. అక్షరాలు బాగాలేకపోతే చెప్పండి. మళ్ళీ రాసి పంపిస్తాను.