పగిలిన థర్మామీటరు

మేట్రనమ్మగారికి,

మా దవాఖానాలో ఉన్న ఒక్క థర్మామీటరూ పగిలింది, ఇంకొకటి పంపించండి. నర్సు పరీక్ష పాసై, పోయిన వారమే ఇక్కడికి మేడ్చల్ వచ్చిన జహీరా, ఏదైనా మరిగించాకే వాడాలన్న మీ పాఠం మరవక, దాన్ని కూడా సూదులతోపాటు మరిగే నీళ్లలో వేసింది. "అక్కా, నాతోని గాదు, ఇగ ఇంటికి పోత" అని ఏడుస్తూ సంచి సర్దుకుంది. ఇది జ్వరాల కాలం. నా కాళ్లు వాచిపోయాయి, బుజ్జగించే ఓపిక లేదు. డాక్టరుగారితో నేనే పగలగొట్టానని చెప్పి, ఆమెను వార్డులోకి పంపాను.

అబద్ధమాడానని కోప్పడకండమ్మా. నా మొదటి వారంలో నేను ఇలాగే పగలగొడితే, అది మీ చేతిలోనే పగిలిందని మీరు పెద్ద డాక్టరుగారికి చెప్పారు. ఆ రోజు నేనూ సంచి సర్దుకునే ఉన్నాను.

మీ దగ్గర పని నేర్చుకున్న నర్సు