ఉన్నమాట చెప్పే బంటును ఇచ్చాను

తార్నాక,
ఆదివారం

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు మార్త వందనాలు. దేవుని కృపవల్ల మేం ముగ్గురం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన పంపిన చింతకాయ పచ్చడి అందింది. ఇక్కడ పొడి చలి, పెదాలు పగిలిపోతున్నాయి. నేను చదువు చెప్పే బళ్లో పిల్లలు నా యాస విని ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాకేం లోటు లేదు, బెంగ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

ఇక అసలు సంగతి. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. నువ్వు మాతో రైలెక్కించిన మన కుక్క బంటు ఇప్పుడు మా ఇంట్లో లేడు. రామంతాపూర్‌లో జామతోట కాపలా కాసే నర్సయ్యకు ఇచ్చేశాను. మీ బావగారు ఇమ్మన్నారని కాదు, నేనే ఇచ్చాను.

వాడు మంచివాడే. వచ్చిన కొత్తలో ఈయన యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లిపోతే, రోజంతా నా కబుర్లు విన్నది వాడొక్కడే. కానీ అన్నం ముందు వాడి తీరే వేరు. ఎవరైనా దగ్గరికొస్తే తినడం ఆపి, మెడ బిగించి పళ్లు చూపిస్తాడు. ఈయన రెండుసార్లు బెత్తంతో కొట్టారు. దాంతో గుర్రుమనడం మానేసి, చెప్పాపెట్టకుండా కరవడానికి సిద్ధమయ్యాడు. నేను ఇంకో దారి పట్టాను. వాడు తింటుంటే దూరం నుంచే ఎండుచేప ముక్క వేసి తప్పుకునేదాన్ని. నెల తిరిగేసరికి నన్ను చూస్తే తోక ఊపాడు.

నేను పెట్టేదాన్నని నమ్మాడు. మా పాప రూతు అలా కాదుగా, లాక్కునే పిల్ల. ఏడాది నిండినదానికి ఏం చెప్పను? పోయిన నెల ఓ పూట వంటింటి గడియ పెట్టడం మరిచాను. అది తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి పళ్లెంలో చెయ్యి పెట్టింది. గౌను చిరిగి, చేతిమీద గీత పడింది, అంతే. అంతే అని రాస్తున్నాను గానీ, ఇప్పటికీ రాత్రిళ్లు లేచి వంటింటి గడియ చూసి వస్తున్నాను. వీళ్లిద్దరూ ఒక్క ఇంట్లో ఉండకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

పక్కింటి యాదమ్మ తేలిగ్గా చెప్పేసింది. "గోనెసంచిల ఏసి మూసీ అవతల ఇడిశిపెట్టున్రి టీచరమ్మా. అందరు చేసేది గదే."

నేను ఒప్పుకోలేదు. మూసీ అవతల పిల్లలుండరా?

అడిక్‌మెట్ నుంచి ఒకాయన ఇద్దరు కొడుకులతో వచ్చి బంటును చూసి ముచ్చటపడ్డాడు. ఉన్నమాట చెప్పాను. టీ సగంలో వదిలి లేచిపోయాడు. యాదమ్మ తల కొట్టుకుంది.

"వెయ్యి అబద్ధాలాడి అయిన పెండ్లి చెయ్యమన్నరు. గిది కుక్క. కరుస్తదని మీ అంతట మీరే చెప్పుడేంది?"

"పెళ్లికూతురు కరవదు కదా యాదమ్మా."

"కొందరు కరుస్తరు," అంది.

అలా దెప్పిన మనిషే వారం తిరక్కుండా తన మేనమామ నర్సయ్యను వెంటబెట్టుకొచ్చింది. తోటలో ఆయనా, ముసలామే ఉంటారు, పిల్లల్లేరు. రూతు చేతిమీద గీతతో సహా అన్నీ చెప్పాను. ఆయన తాపీగా విన్నాడు.

"నేను బువ్వ తినంగ నా పళ్లెంల చెయ్యి పెడితె నాకు మాత్రం కోపం రాదా అమ్మా?"

ఆ మాట నాకు నచ్చింది, కానీ మాటతో సరిపెట్టుకోలేదు. మూడు ఆదివారాలు రప్పించి ఆయన చేతే అన్నం పెట్టించాను. పెట్టి పక్కకు వెళ్లిపోవాలి, కొట్టకూడదు, చుట్టాల పిల్లలొస్తే వేరే కట్టేయాలి. పొసగకపోతే నాకే తెచ్చివ్వాలి, రోడ్డుమీద వదలకూడదు. అన్నిటికీ మాట తీసుకున్నాకే తాడు చేతికిచ్చాను.

నిన్న వెళ్లి చూశాను. నర్సయ్య పళ్లెం పెట్టి తన పనిమీద వెళ్లిపోయాడు. బంటు తల ఎత్తకుండా తిన్నాడు. తిన్నాక వచ్చి నా పాదాలమీద తల పెట్టుకున్నాడు. అక్కడే కూర్చుని ఏడ్చాను. అయినా వెనక్కి తెచ్చుకోలేదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుచేయాలి అన్నయ్యా. వాడు పిల్లగా ఉన్నప్పుడు, రోషం రావాలని తింటుంటే పళ్లెం లాగేవాడివి. గుర్రుమంటే చప్పట్లు కొట్టేవాడివి. నేనూ పక్కన నిలబడి నవ్వాను. ఆ బుద్ధి మనం నేర్పిందే.

అమ్మకూ, వదినకూ, పాస్టరుగారికీ నా వందనాలు. కుటుంబ ప్రార్థనలో రూతును తలుచుకోండి. బంటు తమ్ముడు సింగణ్ణి కూడా నువ్వు అలాగే పెంచావని, మీ బాబు సామేలు అప్పుడే పాకుతున్నాడని వదిన రాసింది. ఈ ఉత్తరం మడిచేలోపు లేచి వెళ్లి, సింగడి పళ్లెం ఎక్కడ పెట్టారో చూడు.

నీ చెల్లెలు,
మార్త